చెప్పకుండా రాలిపోయే ఆప్షన్: కెర్నెల్ కాన్ఫిగరేషన్‌తో నా 8 ఏళ్ల అనుభవం

గత 8 ఏళ్లుగా ఆర్మ్ ప్రాసెసర్ బోర్డుల కోసం లినక్స్ కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగాన్ని) కాన్ఫిగర్ చేయడం, అంటే అందులో ఏ భాగాలు ఉండాలో ఎంచుకోవడం, నా రోజువారీ పనిలో భాగం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఎంపికలను నడిపే కేకాన్ఫిగ్ అనే సాధనం మీద నాకు తీరని ఫిర్యాదు ఒకటి మిగిలి ఉంది. ఒక ఆప్షన్ కావాలని మనం ఫైల్లో స్పష్టంగా ‘వై’ అని రాసి ఇచ్చినా, దానికి కావలసిన షరతు ఏదో కుదరలేదని తేలితే, ఆ వరుసను అది ఒక్క మాటైనా చెప్పకుండా తీసేస్తుంది. కంపైల్ సజావుగా పూర్తవుతుంది, బోర్డులోకి ఎక్కించే ఇమేజ్ తయారవుతుంది, బోర్డు బూట్ అవుతుంది. పోయిందేమిటో పరికరం పనిలోకి దిగాక గానీ తెలియదు.

ఆప్షన్లు ఎంచుకునే మెనూ అయిన మెనూకాన్ఫిగ్ ఎలా తెరవాలో, ‘వై’ (కెర్నెల్‌లోనే ఉండాలి), ‘ఎమ్’ (విడి మాడ్యూల్‌గా ఉండాలి), ‘ఎన్’ (వద్దు) అనే వాటి తేడా ఏమిటో ఈ పని చేసేవారికి చెప్పనక్కరలేదు. కేకాన్ఫిగ్ 2002లో 2.5.45 కెర్నెల్‌తో వచ్చింది. అంతకుముందున్న పద్ధతిని నేను వాడలేదు కనుక పోల్చి చెప్పలేను. నన్ను మొదట ఆకట్టుకున్నది మాత్రం ‘సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్’ అనే ఆదేశం. ఎంపికలన్నీ ఉండే వేల వరుసల ‘డాట్ కాన్ఫిగ్’ ఫైలును తీసుకుని, డిఫాల్ట్‌కు భిన్నంగా మనం మార్చిన వరుసలను మాత్రమే మిగిల్చి, మా బోర్డులకు 200 వరుసలైనా దాటని చిన్న ఫైలుగా (దీన్నే డెఫ్‌కాన్ఫిగ్ అంటారు) చేతిలో పెడుతుంది. ఇది 2010లో వచ్చింది, ఆ ఏడాదే ఆర్మ్ విభాగంలోని డెఫ్‌కాన్ఫిగ్ ఫైళ్లను కూడా ఇదే రూపంలోకి కుదించారు. మొదటి ఏడాదంతా నా తోటివారికి నేను దీని గురించే చెప్పాను. బోర్డుకు ఏం కావాలో ఒక్క పేజీలో చదివి తెలుసుకోగలగడం నిజంగానే పెద్ద సుఖం. ఆ మెప్పులో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవలసి వస్తోంది, దాని సంగతి ముందుకు వెళ్లాక చెబుతాను.

మేము నడిపే ఒక నియంత్రణ పరికరంలో బోర్డు మీద 8 రిలేలు (విద్యుత్తుతో పనిచేసే స్విచ్‌లు) ఉంటాయి. వాటిని ఆన్, ఆఫ్ చేసే ప్రోగ్రాములు చాలాకాలం కిందట రాసినవి. అవి ‘సిస్’ డైరెక్టరీలోని ‘క్లాస్’, దానిలోని ‘జీపీఐఓ’ (ప్రాసెసర్ పిన్లను నేరుగా నడిపే సౌకర్యం) అనే చోట ‘ఎక్స్‌పోర్ట్’ ఫైలులోకి పిన్ నంబరు రాసి, ఆపైన ‘వాల్యూ’ ఫైలులోకి 1 గానీ 0 గానీ రాస్తాయి. ఇది పాతబడిన పద్ధతి. కెర్నెల్ పత్రాల్లోనే దీన్ని కాలం చెల్లిన ఇంటర్‌ఫేస్‌ల విభాగంలో ఉంచారు, 2016లో 4.8 కెర్నెల్‌తో దీని స్థానంలోకి, పిన్లను ఒక డివైస్ ఫైలు ద్వారా నడిపే క్యారెక్టర్ డివైస్ పద్ధతి వచ్చింది. అయినా నడుస్తున్న ప్రోగ్రామును ఎవరూ కదిలించరు, మేమూ కదిలించలేదు. మా డెఫ్‌కాన్ఫిగ్ ఫైలులో ఈ పాత పద్ధతిని ఇచ్చే ‘జీపీఐఓ సిస్‌ఎఫ్‌ఎస్’ ఆప్షన్‌కు ఎదురుగా ‘వై’ అని ఉండేది, అంతకు మించి దాని గురించి ఆలోచించే అవసరం మాకెప్పుడూ రాలేదు.

భద్రతా సవరణల కోసం ఒక దీర్ఘకాల మద్దతు శ్రేణి నుంచి మరింత కొత్త శ్రేణికి మారినప్పుడు, ఎప్పటిలాగే మా డెఫ్‌కాన్ఫిగ్‌ను కొత్త సోర్సులోకి తెచ్చుకుని, కొత్త ఆప్షన్లకు డిఫాల్ట్ విలువలు నింపే ‘ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ నడిపి, కంపైల్ చేశాను. బోర్డు లేచింది. నెట్‌వర్క్ వచ్చింది, తెర వెలిగింది, సీరియల్ కన్సోల్‌లో ఎర్రర్ వరుస ఒక్కటీ లేదు. తెర మీద రిలే బొత్తాన్ని నొక్కితే ‘ఆన్’ అని చూపిస్తోంది గానీ, రిలే మూసుకున్నప్పుడు వినిపించవలసిన ఆ చిన్న ‘టిక్’ శబ్దం మాత్రం రావడం లేదు.

ఆ శబ్దం కోసం రెండు రోజులు వెతికాను. మొదట రిలేను అనుమానించి మల్టీమీటర్‌తో కాయిల్ కొసల దగ్గర వోల్టేజ్ చూస్తే సున్నా ఉంది. తర్వాత డివైస్ ట్రీలోని (బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నెల్‌కు వివరించే ఫైలులోని) పిన్ అమరికలను అనుమానించాను, ఎందుకంటే కొత్త శ్రేణికి మారినప్పుడల్లా మాకు అక్కడే చిక్కులు వచ్చేవి. పాత, కొత్త డివైస్ ట్రీ ఫైళ్లను పక్కపక్కన పెట్టుకుని వరుస వరుసా సరిచూసినా తేడా దొరకలేదు. ప్రోగ్రాము తన పొరపాటు సందేశాలను వచ్చినదంతా పారేసే ‘డెవ్ నల్’లోకి పంపేస్తుండటం మా వైపు లోపమే, దాన్ని నేను కప్పిపుచ్చను. చివరికి రెండో రోజు సాయంత్రం బోర్డు లోపలికి వెళ్లి ఆ డైరెక్టరీని చూద్దామనుకుంటే, ‘క్లాస్’ కింద ‘జీపీఐఓ’ అనే డైరెక్టరీయే లేదు.

అప్పుడు ‘డాట్ కాన్ఫిగ్’ తెరిచి ఆ పేరును వెతికాను. ఈ పనిముట్టులో నాకు అత్యంత బాధ కలిగించిన వివరం అక్కడే కనిపించింది, లేదా కనిపించలేదు అనాలి. మామూలుగా ఒక ఆప్షన్ వద్దనుకుంటే ఆ ఫైలులో ‘ఈజ్ నాట్ సెట్’ అనే వ్యాఖ్య వరుస ఉంటుంది, కనీసం ఆ పేరైనా కంటికి తగులుతుంది. ఇక్కడ అదీ లేదు. ఆప్షన్ మనిషికి కనిపించని స్థితికి చేరి, దానికి డిఫాల్ట్ కూడా లేకపోతే, కేకాన్ఫిగ్ దాని గురించి ఏ వరుసా రాయదు. మేము ఇచ్చిన ఫైలులో ‘వై’ అని ఉంది, వచ్చిన ఫైలులో ఆ పేరే లేదు, ఈ రెంటికీ నడుమ కంపైల్ లాగ్‌లో ఒక్క హెచ్చరికా లేదు.

మెనూకాన్ఫిగ్‌లో ఆ ఆప్షన్ ఉండవలసిన చోటికి వెళితే అక్కడా లేదు. స్లాష్ (ఏటవాలు గీత) కీ నొక్కి పేరుతో వెతికినప్పుడు మాత్రం అసలు విషయం బయటపడింది. ఆ తెర ఆప్షన్ విలువ ‘ఎన్’ అని చూపించింది. ‘డిపెండ్స్ ఆన్’ వరుసలో జీపీఐఓ లైబ్రరీ ‘వై’, సిస్‌ఎఫ్‌ఎస్ ‘వై’ అని ఉన్నాయి, అంటే ఆధారాలన్నీ ఉన్నాయి. దాని పక్కన విడిగా ‘విజిబుల్ ఇఫ్’ అనే వరుసలో ఇవే రెండూ ఉండి, చివర ‘ఎక్స్‌పర్ట్’ (నిపుణులకు ఉద్దేశించిన ఆప్షన్లను బయటపెట్టే ఆప్షన్) అనే మూడో పేరు కనిపించింది, దాని విలువ ‘ఎన్’. పాత పద్ధతిని కొత్తవారు ఎంచుకోకుండా ఉండాలని ఆ ఆప్షన్ ప్రాంప్టును (మెనూలో కనిపించే వరుసను) కెర్నెల్ రూపకర్తలు ‘ఎక్స్‌పర్ట్’ వెనక్కి జరిపారు. ఆ నిర్ణయంతో నాకు తగువు లేదు, బహుశా సరైనదే. ప్రాంప్టు కనిపించని ఆప్షన్‌కు వాడుకరి ఇచ్చిన విలువను లెక్కలోకి తీసుకోరాదన్న నియమం కూడా నాకు అర్థమవుతుంది, ఆధారాల లెక్క కుదరాలంటే అలాంటి నియమం ఏదో ఒకటి ఉండి తీరాలి. అయితే ‘మీరు అడిగారు, నేను ఇవ్వలేకపోయాను’ అని ఒక్క వరుస ముద్రించడానికి ఆ నియమం ఏ విధంగానూ అడ్డు కాదు. ‘సెలెక్ట్’ (ఒక ఆప్షన్ మరోదాన్ని ఆన్ చేసే సూచన) ఒక ఆప్షన్‌ను దాని ఆధారాలు లేకుండానే బలవంతంగా ఆన్ చేసినప్పుడు ఇదే కేకాన్ఫిగ్ ఆధారాలు కుదరలేదని పెద్ద హెచ్చరిక ఇస్తుంది. మాట్లాడటం దానికి చేతనవును కాబట్టే, ఇక్కడి మౌనం నన్ను మరింత నొప్పించింది.

ఆ వెతుకుడు తెర మాత్రం నాకు ఊహించని మేలు చేసిందని ఒప్పుకోవాలి. 8 ఏళ్లలో నేను దాన్ని ఆప్షన్ ఎక్కడ ఉందో కనుక్కోవడానికే వాడాను. ఎందుకు లేదో కూడా అదే చెబుతుందని, ప్రతి షరతు పక్కన బ్రాకెట్లలో దాని ప్రస్తుత విలువ చూపిస్తుందని, దాన్ని పట్టుకుని వెనక్కి నడిస్తే మూలం దగ్గరికి చేరవచ్చని ఆ సాయంత్రమే నాకు నిజంగా తెలిసివచ్చింది. మెనూకాన్ఫిగ్‌లో ‘జెడ్’ కీ నొక్కితే దాగి ఉన్న ఆప్షన్లు కూడా కనిపిస్తాయి. ఇప్పుడు ఏది కనపడకపోయినా నా చేయి ముందు ఈ రెండు కీల మీదికే వెళుతుంది.

సరే, ‘ఎక్స్‌పర్ట్’ ఆన్ చేశాను, ‘జీపీఐఓ సిస్‌ఎఫ్‌ఎస్’ తిరిగి వచ్చింది, రిలేలు టిక్కుమన్నాయి. వెంటనే ‘సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్’ నడిపి, చిన్న ఫైలును భద్రపరిచి, దాని నుంచే కొత్త ఇమేజ్ తయారుచేసి పంపాను. రెండు వారాలు గడిచాయో లేదో ఇంకో కబురు వచ్చింది. కొన్ని పరికరాలకు తగిలించిన బార్‌కోడ్ రీడర్ వెలుగుతోంది, చదివినట్టు బీప్ కూడా అంటోంది, కానీ తెర మీద అక్షరాలు పడటం లేదు.

ఈసారి రెండు గంటల్లోనే దొరికింది. కీబోర్డులు, మౌస్‌లు, బార్‌కోడ్ రీడర్లలో కొన్నింటికి, అవి పంపే వివరణలో తప్పులు ఉన్నందువల్ల, వాటిని సరిదిద్దే ప్రత్యేక డ్రైవర్లు కెర్నెల్‌లో ఉన్నాయి. ఆ డ్రైవర్లలో చాలావాటికి డిఫాల్ట్‌గా రాసింది ‘ఎక్స్‌పర్ట్ కాకపోతే’ అని. అంటే ‘ఎక్స్‌పర్ట్’ ఆఫ్‌లో ఉన్నంతకాలం అవి వాటంతట అవే వస్తాయి, అది ఆన్ అయిన మరుక్షణం వాటి డిఫాల్ట్ ‘ఎన్’ అవుతుంది. అవి ఎప్పుడూ డిఫాల్ట్‌గా వస్తున్నాయి కనుక, మా చిన్న డెఫ్‌కాన్ఫిగ్‌లో వాటి పేర్లే లేవు. నేను అంతగా మెచ్చుకున్న ‘సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్’ గుణమే ఇక్కడ ఎదురు తిరిగింది. డిఫాల్ట్‌తో సమానమైనదాన్ని అది రాయదు, రాయనిదాన్ని ఆ డిఫాల్ట్ మారిన రోజున కాపాడలేదు. నేను కోరి తెచ్చుకున్నదేదో, దానంతట అది వచ్చి చేరినదేదో ఆ ఫైలుకు తెలియదు.

అందుకే ఇప్పుడు నా పద్ధతి మారింది. బోర్డుకు తప్పనిసరైన ఆప్షన్లను, డిఫాల్ట్‌తో సమానమైనా సరే, ఫ్రాగ్మెంట్ అనే వేరే చిన్న ఫైలులో రాసుకుంటాను, ప్రతి వరుస మీదా అది ఎందుకు కావాలో ఒక వాక్యం పెడతాను. కెర్నెల్ సోర్సులోని ‘మెర్జ్ కాన్ఫిగ్’ స్క్రిప్టుతో వాటిని కలుపుతాను. నేను కేకాన్ఫిగ్ నుంచి ఆశించిన పనిని ఈ స్క్రిప్టు చేస్తుంది: అడిగిన ప్రతి విలువనూ చివరి ఫైలుతో పోల్చి, తేడా ఉంటే అడిగిన విలువనూ వచ్చిన విలువనూ రెండింటినీ ముద్రిస్తుంది. ఆ ముద్రణలో ఒక్క వరుస వచ్చినా మా బిల్డ్ ఆగిపోయేలా ఏర్పాటు చేశాను. యోక్టో (బోర్డులకు లినక్స్ ఇమేజ్‌లు తయారుచేసే వ్యవస్థ) వాడేవారికి ఇలాంటి తనిఖీ దశ ముందే ఉంటుంది, నేరుగా కెర్నెల్ సోర్సుతో పనిచేసే మాలాంటివారే దీన్ని చేత్తో చేసుకోవాలి.

విడుదలైన ప్రతి ఇమేజ్‌కు దాని పూర్తి ‘డాట్ కాన్ఫిగ్’ను కూడా ఇప్పుడు దాస్తున్నాను. ‘డిఫ్‌కాన్ఫిగ్’ స్క్రిప్టుతో పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చితే, పోయిన ఆప్షన్లు ముందు మైనస్ గుర్తుతో వస్తాయి. ఆ రోజు నేను ఈ ఒక్క పని చేసి ఉంటే, రెండు రోజులు మల్టీమీటర్ పట్టుకుని కూర్చునే అవసరం ఉండేది కాదు. శ్రేణి మారినప్పుడు ఈ జాబితా వందల వరుసలు వస్తుంది, చదవడానికి ఓపిక కావాలి. అయినా మైనస్ గుర్తున్నవాటిని మాత్రం ఒకటీ వదలకుండా చదువుతాను. బోర్డు నుంచే దాని కాన్ఫిగరేషన్‌ను చదువుకునేలా ‘ఐకేకాన్ఫిగ్’, దాని ‘ప్రాక్’ ఆప్షన్‌ను కూడా శాశ్వతంగా ఆన్ చేశాను. దూరాన ఉన్న పరికరంలో ఏ కాన్ఫిగరేషన్ నడుస్తోందో ‘ప్రాక్’లోని కుదించిన ఫైలు నుంచి తెలుసుకోగలగడం ఎంత ధైర్యాన్నిస్తుందో, అర్ధరాత్రి ఫోన్లు అందుకునేవారికి తెలుస్తుంది.

కేకాన్ఫిగ్‌లో మెరుగుదల అసలే లేదని అనడం న్యాయం కాదు. సోర్సులో లేని పేరు మన ఫైలులో ఉంటే హెచ్చరించమని, ఆ హెచ్చరికలను ఎర్రర్లుగా పరిగణించమని చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు కొత్త కెర్నెళ్లలో ఉన్నాయి. పేరు మారిపోయిన ఆప్షన్ల విషయంలో అవి చాలా ఉపయోగం, నేను రెండింటినీ వాడుతున్నాను. కానీ నా రిలేల కథలో ఆ పేరు సోర్సులో చక్కగానే ఉంది, కనుక అవి నన్ను కాపాడేవి కావు. ‘ఓల్డ్‌కాన్ఫిగ్’ కొత్తగా వచ్చిన ఆప్షన్ల గురించి ఒక్కొక్కటిగా అడుగుతుంది, ‘లిస్ట్‌న్యూకాన్ఫిగ్’ వాటిని జాబితాగా ఇస్తుంది. పోయినవాటిని జాబితాగా ఇచ్చే ఆదేశం ఒకటి ఉంటే నా ఫిర్యాదులో ముప్పాతిక భాగం అక్కడితో తీరిపోతుంది.

ఇంత చెప్పాక కూడా, 10,000కు మించిన ఆప్షన్ల నడుమ నా బోర్డుకు సరిపడే కెర్నెల్‌ను ఇంత కచ్చితంగా చెక్కుకోవడానికి దీన్ని మించిన సాధనం నాకు తెలియదు. నేను చూసుకునేది నాలుగు రకాల బోర్డులే, శ్రేణి మార్పు రెండు మూడేళ్లకొకసారి వస్తుంది, కాబట్టి పైన చెప్పిన కాపలా అంతా నాకు భారం అనిపించదు. పదుల సంఖ్యలో బోర్డులు నడిపేవారికి చేత్తో రాసిన ఈ ఏర్పాటు చాలకపోవచ్చు, వారు యోక్టో వంటి వ్యవస్థను ముందే ఎంచుకోవడం మేలేమో. తయారీదారు ఇచ్చిన కెర్నెల్‌ను మార్చకుండా ఏళ్ల తరబడి వాడేవారికి ఈ ఇబ్బంది ఎదురుకాకపోనూవచ్చు. డెఫ్‌కాన్ఫిగ్‌ను ఒక శ్రేణి నుంచి ఇంకో శ్రేణికి మోసుకెళ్లేవారు మాత్రం, కంపైల్ పూర్తయిందని కాకుండా, తాము అడిగినవన్నీ వచ్చాయా అని చూసుకున్నాకే ఇమేజ్‌ను బయటికి పంపాలని నా అభ్యర్థన.

రిలేలను నడిపే ప్రోగ్రాములను ఇప్పుడు క్యారెక్టర్ డివైస్ పద్ధతికి మారుస్తున్నాను. 8లో 5 పూర్తయ్యాయి. మిగిలిన 3 పూర్తయ్యేవరకు మా ఫ్రాగ్మెంట్‌లో ‘ఎక్స్‌పర్ట్’ వరుస అలాగే ఉంటుంది, దాని కిందనే బార్‌కోడ్ రీడర్ డ్రైవర్ పేరు కూడా.