పిల్లలకు ఆక్యుపంక్చర్: చెన్నైలో మా పాపకు చాలాకాలం చేయించాక చెబుతున్న మాట

మా పాపకు ఒంటికణత నొప్పి ఎనిమిదో ఏట మొదలైంది. నొప్పి వచ్చిందంటే కిటికీ తెరలు దించాలి, ఫ్యాను చప్పుడు కూడా పనికిరాదు. రెండు మూడుసార్లు వాంతి అయి నిద్రపోతే గాని తెరిపిన పడదు. పిల్లల న్యూరాలజిస్టు చూసి మైగ్రేన్ అని తేల్చాక, ఆయన రాసిన మందులు వాడుతూనే ఆక్యుపంక్చర్ కూడా మొదలుపెట్టాం. ఇప్పుడు పాపకు పదకొండేళ్లు. ఇక్కడ పెరంబూరులో మాకు తెలిసిన తెలుగువాళ్లు చాలామంది అడుగుతుంటారు, చిన్నపిల్లకు సూదుల వైద్యం మంచిదేనా అని. చెయ్యి తిరిగిన డాక్టరు దొరికితే ధైర్యంగా తీసుకెళ్లొచ్చు, పిల్లల డాక్టరును మానేసి మాత్రం వెళ్లకూడదు. నా అనుభవం ఇదే.

మా అత్తయ్య గూడూరు నుంచి వచ్చినప్పుడు "ఏందే అమ్మాయ్, బిడ్డకు సూదులు గుచ్చిస్తావా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెనీ వెంటబెట్టుకెళ్లి చూపించాను. ఇంజెక్షన్ సూది లోపల బోలుగా ఉంటుంది, ఇది నిండు ఉక్కు తీగ. పిల్లలకు వాడేవి 0.16 నుంచి 0.20 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, అంటే టీకా సూదిలో మూడో వంతు. సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని చర్మానికి ఆనించి పైనుంచి వేలితో చిన్నగా తడితే సూది దిగిపోతుంది. మొదటిసారి పాప భయపడి చెయ్యి లాక్కుంది. ఆ రోజు డాక్టరమ్మ అసలు సూదే పెట్టలేదు. జపాన్‌లో చిన్నపిల్లలకు షోనిషిన్ అనే పద్ధతి ఉంది. అందులో గుచ్చరు, మొద్దుగా ఉన్న లోహపు పనిముట్టుతో చర్మం మీద రుద్దుతారు, మెల్లగా తడతారు. అది చేసి, కబుర్లు చెప్పి పంపారు. పిల్ల వద్దన్నప్పుడు ఆగే చోటు కనుకనే మళ్లీ వెళ్లాం.

పెద్దవాళ్లకు ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచే సూదులను పాపకు పది నిమిషాలకే తీసేస్తారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, మణికట్టు పైన, పాదం మీద, అంతా కలిపి నాలుగైదుకు మించవు. "బరువుగా, జివ్వుమన్నట్టు ఉంటుంది" అంటుంది పాప. ఒక్కోసారి చిన్నగా కమిలి రెండు రోజుల్లో పోతుంది. మాకు ఎదురైన ఇబ్బంది అంతే.

కానీ అందరికీ అంతటితో పోలేదు. పిల్లల ఆక్యుపంక్చర్ భద్రత మీద 2011లో 'పీడియాట్రిక్స్' వైద్య పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. 37 అధ్యయనాలు, నివేదికలు జల్లెడ పడితే 279 ఇబ్బందులు కనిపించాయి. వాటిలో 253 స్వల్పమైనవే: నొప్పి, కమిలిపోవడం, కాస్త రక్తం లాంటివి. మిగిలినవాటిలో 25 తీవ్రమైనవి. బొటనవేలు వంకరపోయినవి 12, ఇన్ఫెక్షన్లు 5. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన కేసు, గుండె చిట్లిన కేసు కూడా ఉన్నాయి. తీవ్రమైన వాటిలో చాలా వరకు సరిగా చేయకపోవడం వల్ల జరిగి ఉండొచ్చని రాసినవాళ్లే అన్నారు. ఇది చదివాక నా కళ్లు ఎప్పుడూ డాక్టరమ్మ చేతుల మీదే ఉంటాయి. సీలు వేసిన స్టెరైల్ ప్యాకెట్ మా ముందే చింపాలి, ఒకసారి వాడిన సూది మళ్లీ వాడకూడదు, పెట్టినవెన్నో తీసినవెన్నో లెక్క సరిపోవాలి. పిల్లల ఛాతీ మీద, వీపు పైభాగంలో లోతుగా గుచ్చుతానంటే లేచి వచ్చేయండి. ఖాళీ కడుపుతో తీసుకెళ్లొద్దు, కళ్లు తిరుగుతాయి. ఒక వానాకాలం పాపకు డెంగీ వచ్చి తగ్గింది. ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాయని రిపోర్టు చూపిస్తే గాని డాక్టరమ్మ సూది ముట్టుకోలేదు. రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్న పిల్లల విషయంలోనూ అంత జాగ్రత్తే కావాలి.

ఇక ఫలితం. మొదటి రెండు నెలలూ తేడా ఏమీ తెలియలేదు. తర్వాత ముందుగా వాంతులు తగ్గాయి, ఆ పైన నొప్పి వచ్చే రోజులూ తగ్గాయి. వారానికి ఒకటి రెండుసార్లు పడుకోబెట్టే నొప్పి ఇప్పుడు నెలకోసారి వస్తే ఎక్కువ. అంతా సూదుల మహిమేనని మాత్రం నేను అనను. అదే సమయంలో నిద్రవేళలు కుదిర్చాం, పొద్దున టిఫిన్ మాననివ్వలేదు, ఎండలోకి నీళ్ల సీసా లేకుండా పంపలేదు. పిల్లల మైగ్రేన్ మందుల మీద 2017లో అమెరికాలో వెలువడిన పెద్ద ప్రయోగంలో, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనే నూటికి 61 మందికి నొప్పి రోజులు సగానికి సగం తగ్గాయి. అసలు మందులు అంతకన్నా మెరుగనిపించుకోలేదు. పిల్లల తలనొప్పి స్వభావం అలాంటిది. అయినా పాప హాయిగా ఉంది, ఆ పది నిమిషాలు ఇష్టంగా పడుకుంటుంది. నాకు ఆ మాత్రం చాలు.

నాకు గట్టి నమ్మకం కుదిరింది వికారం విషయంలో. మణికట్టు ముడతకు మూడు వేళ్ల వెడల్పు పైన, ముంజేయి లోపలివైపు పీ-6 అనే బిందువు ఉంది. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం, వాంతులకు దీన్ని ప్రేరేపిస్తే మేలని చాలా ప్రయోగాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్షలో తేల్చింది. ఆ ప్రయోగాల్లో పిల్లలూ ఉన్నారు. దీనికి సూదే అక్కర్లేదు, నొక్కినా చాలు. పాప నెల్లూరు బస్సులో తనే నొక్కుకుంటుంది. ఇంట్లో చేయగలిగింది, ఖర్చు లేనిది కనుక ప్రతి తల్లికీ ఇది నేర్పాలనిపిస్తుంది.

చెన్నైలో బోర్డులకు కొదవ లేదు. ముట్టుకుంటే చాలు, ఏ జబ్బైనా పోతుందని, మందులన్నీ ఆపేయమని, టీకాలు కూడా వద్దని చెప్పే చోట్లు ఉన్నాయి. ఫిట్స్ మందో, ఉబ్బసం ఇన్హేలరో ఆపిస్తే పిల్లల ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి గడప తొక్కొద్దని చేతులెత్తి అడుగుతున్నాను. ఆటిజం తగ్గిస్తామనే మాటా నమ్మొద్దు, 2011 కోక్రేన్ సమీక్షలో దానికి ఆధారం దొరకలేదు. తెల్లవారుజామున తలనొప్పితో లేచి వాంతి చేసుకున్నా, నడక తడబడినా, చూపు మసకబారినా ముందు ఆస్పత్రికే పరుగెత్తాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక చికిత్సా విధానంగా గుర్తించింది. అంతమాత్రాన బోర్డు కట్టిన ప్రతివాళ్లకీ పిల్లల వైద్యం తెలుసని కాదు. మా డాక్టరమ్మ బీఎన్‌వైఎస్ చదివారు, అది ప్రకృతి వైద్యం, యోగాలో అయిదున్నరేళ్ల కోర్సు. అరుంబాక్కంలోని ప్రభుత్వ యోగా, ప్రకృతి వైద్య కళాశాలలో ఆ చదువు ఉంది. ఏం చదివారని అడగడానికి మొహమాటపడకండి.

మా చిన్నాడికి ఆరేళ్లు, ఇంకా పక్క తడుపుతాడు. వాణ్ణీ ఆవిడ దగ్గరికే తీసుకెళ్లాను. "అయిదేళ్ల పిల్లల్లో నూటికి పదిహేను మంది దాకా ఇంతేనమ్మా, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. సూదులతో తగ్గుతుందని చెప్పడానికి గట్టి రుజువు లేదు. మలబద్ధకం ఉందేమో పిల్లల డాక్టరుకు చూపించండి, వాణ్ణి మాత్రం తిట్టకండి" అని చెప్పి, ఫీజు తీసుకోకుండా పంపారు. పాప మాత్రం పరీక్షల రోజుల్లో ఇంకా వెళ్తూనే ఉంది.