సూది కన్నా ముందు బల్ల ఎక్కించే క్లినిక్

విజయవాడలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న పెంపుడు జంతువుల క్లినిక్‌కు 2024 వేసవి నుంచి వెళ్తున్నాము. మా ఇంట్లో ఒక నాటు కుక్క, ఒక పిల్లి ఉన్నాయి. రెండింటికీ ఇంతవరకు పెద్ద జబ్బేమీ చేయలేదు కనుక ఆపరేషన్ల గురించి, అత్యవసర వైద్యం గురించి నేను చెప్పగలిగింది లేదు. ఏటా వేయించే టీకాలు, మూడు నెలలకొకసారి పట్టించే నట్టల మందు, గోమార్ల నివారణ వంటి మామూలు పనులు అక్కడ ఎంత శ్రద్ధగా జరుగుతాయన్నదే ఇక్కడి విషయం.

కుక్కపిల్లను తెచ్చిన కొత్తలో మొదటి టీకాలు వేరొకచోట వేయించాము. అక్కడ పిల్ల నా చేతుల్లో ఉండగానే సూది వేసి పంపించేశారు. పుస్తకంలో తేదీ, సంతకం తప్ప ఏ కంపెనీ టీకా, ఏ బ్యాచ్ అన్నది లేదు. ఈ క్లినిక్ డాక్టరు గారు మొదటి రోజే ఆ పుస్తకం తిరగేసి, చివరి డోసు 9వ వారంతోనే ఆగిపోయిందని పట్టుకున్నారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదని, అది ఎప్పుడు తగ్గుతుందన్నది ఒక్కో పిల్లకు ఒక్కో తీరుగా ఉంటుందని, అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో 16 వారాలు నిండేదాకా వేయాలని వివరించారు. రెండు సూదులు పడ్డాయి కదా, ఇక పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) భయం లేదని నిశ్చింతగా ఉన్న మాకు అది కొత్త సంగతి.

అక్కడ సూది చివరి పని. ముందు తూకం వేస్తారు, జ్వరం చూస్తారు, పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూస్తారు, చెవి వాసన చూస్తారు, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమోనని వెతుకుతారు. టీకాల కోసమే ఉంచిన చిన్న ఫ్రిజ్ తలుపుకు ఒక థర్మామీటరు అతికించి ఉంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన అంకె నేను చూసిన ప్రతిసారీ 4, 5 దగ్గరే ఉంది. పొడి సీసాలో ద్రవం కలపడం మన కళ్లెదుటే జరుగుతుంది. సీసా మీది స్టిక్కరును ఊడదీసి పుస్తకంలో అతికించి, ముఖం వాపు, వాంతులు వంటివి కనబడితే వెంటనే చూడవచ్చునని 20 నిమిషాలు బయట కూర్చోమంటారు. ఒకసారి మా కుక్కకు 103.4 డిగ్రీలు ఉందని టీకా వేయనే లేదు. "జ్వరంతో ఉన్న ఒంటికి టీకా వద్దమ్మా, తగ్గాక రండి" అని మందు రాసిచ్చి పంపారు. వేసి డబ్బు తీసుకోవడమే సులువు కదా! మా నమ్మకం కుదిరింది ఆ రోజే.

నట్టల మందు కూడా తూకాన్ని బట్టే ఇస్తారు. 14 కిలోలున్న కుక్క 18 కిలోలకు చేరేసరికి ఒకటిన్నర మాత్ర రెండయింది. పనిలో పనిగా నా చేతిని దాని పక్కటెముకల మీద పెట్టించి, అవి తేలికగా తగలాలని చెప్పి, మా అత్తగారు ముద్దుగా పెట్టే పెరుగన్నం సగానికి తగ్గించారు. ఆవిడకు ఆయన మీద ఇంకా కోపమే.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చిన తరువాత, కుక్క నిలిచిన నీటిలో తిరుగుతోందా అని ఆయనే అడిగారు. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ కుక్కలకే కాక మనుషులకూ సోకుతుందని, దాని టీకాను ఏటా తప్పనిసరిగా వేయించాలని చెప్పారు. రేబిస్ టీకా మాత్రం జూలై 6న, జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారని, కావాలంటే అక్కడే వేయించుకోమని చెప్పడం నాకు ముచ్చటేసింది.

లోపాలూ ఉన్నాయి. ఒక ఆదివారం డాక్టరు గారు లేనప్పుడు, గోమార్లకు కుక్క మెడ మీద వేసే చుక్కల మందునే సహాయకుడు పిల్లికీ ఇచ్చేశాడు. ఇంటికి వచ్చి చూస్తే పెట్టె మీద పిల్లి బొమ్మకు అడ్డంగా గీత ఉంది. అందులోని పెర్మెత్రిన్ పిల్లులకు విషం. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మరునాడు చెబితే డాక్టరు గారు క్షమాపణ చెప్పి, పిల్లుల మందులను వేరే అరలోకి మార్పించారు. ఆ పొరపాటు మొదటే జరగకూడనిది. ఇక తదుపరి టీకా తేదీని గుర్తు చేసే ఏర్పాటు లేదు, అడిగితే తప్ప బిల్లు ఇవ్వరు. సంప్రదింపు ఫీజు 300 రూపాయలు న్యాయమే.

కూర్చోవడానికి ఉన్నది ఒకటే బెంచీ. సాయంత్రాలు కుక్కల అరుపులకు బుట్టలోని పిల్లి బిగుసుకుపోతుంది కనుక, దాన్ని మధ్యాహ్నం మూడు గంటల వేళ, ఎవరూ లేనప్పుడు తీసుకువెళ్తున్నాము.