హైదరాబాద్ బాలానగర్‌లో రాగి కేవిటీ చేయించా, 5 స్టార్లకి మూడున్నర

పేరు రాయను, ఇండస్ట్రియల్ ఏరియాలో రెండు లేత్‌లున్న చిన్న షెడ్డు. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి గుండ్రటి మైక్రోవేవ్ కేవిటీ కావాలి, అంటే ఒకానొక ఫ్రీక్వెన్సీకి పలికే బోలు లోహపు డబ్బా, లోపలి వ్యాసం 26 మి.మీ., ఎత్తు 20.

"గింత డబ్బాకు గంత డ్రాయింగ్ ఎందుకు తమ్మీ?" అన్నాడు టర్నర్ అన్న. చెప్పాను. యూరప్‌లోని సెర్న్ ల్యాబ్‌లో ఆల్ఫా అనే ప్రయోగం వాళ్ల అయస్కాంత ట్రాప్‌లో యాంటీహైడ్రోజన్ (హైడ్రోజన్‌కి ప్రతిపదార్థ రూపం) నిలవాలంటే అది అర కెల్విన్ కన్నా చల్లగా ఉండాలి, అందుకే దాన్ని తయారుచేసే పాజిట్రాన్లని (పాజిటివ్ చార్జి ఉన్న ఎలక్ట్రాన్ల లాంటివి) ముందే బాగా చల్లార్చాలి. అయస్కాంత క్షేత్రంలో గిరగిరా తిరిగే ఎలక్ట్రాన్లైనా పాజిట్రాన్లైనా మైక్రోవేవ్‌లు వదులుతూ వాటంతట అవే చల్లబడతాయి, కాకపోతే 1 టెస్లాలో దానికి సెకన్లు పడుతుంది. చుట్టూ ఉన్న డబ్బా సరిగ్గా ఆ మైక్రోవేవ్‌ల ఫ్రీక్వెన్సీకే పలికితే పని త్వరగా అవుతుంది, బాత్రూంలో పాడితే ఏదో ఒక శ్రుతి దగ్గర గొంతు గుమ్మంటుందే, అలా. భౌతికశాస్త్రవేత్త పర్సెల్ 1946లో చెప్పిన సంగతే, అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీ వాళ్లు 2016లో ఎలక్ట్రాన్ ప్లాస్మాతో (ఎలక్ట్రాన్ల గుంపుతో) చేసి చూపించారు. నాది ప్లాస్మా లేని ఉత్త నమూనా, ల్యాబ్‌లో ఉన్నది ఎక్స్-బ్యాండ్ (10 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల) సామానే కాబట్టి 10.09 గిగాహెర్ట్జ్‌కి లెక్కేశాను.

మంగళవారం ఇస్తానన్నది శనివారం ఇచ్చారు. రాగి టూల్‌కి అతుక్కుంటోందట, అది నిజమే. కానీ వ్యాసం 26.1 వచ్చింది. ఫ్రీక్వెన్సీ కొలిచే ఎనలైజర్ మీద పెడితే, పలికే ఫ్రీక్వెన్సీ 17 మెగాహెర్ట్జ్ కిందకి దిగింది. అసలు ప్రయోగంలో అయితే అయస్కాంత క్షేత్రాన్ని కాస్త మార్చి సరిపెట్టుకోవచ్చు, నా దగ్గర అయస్కాంతమే లేదు.

తిరిగి పట్టుకెళ్లాను. పెరిగిన బోరు (లోపలి రంధ్రం) తగ్గదు కదా, ఎత్తు 0.06 మి.మీ. తగ్గిస్తే సరిపోతుందని కాగితం మీద చూపించాను. అన్న ఒక్క మాట అనలేదు, డయల్ గేజ్ పెట్టి నా ముందే రెండు సన్నటి కట్‌లు తీశాడు, రెండు మెగాహెర్ట్జ్ తేడాలోకి వచ్చేసింది. డబ్బులూ అడగలేదు. మూడున్నర స్టార్లలో రెండు దీనికే.

ఫినిషింగ్‌కే నా కోపం. ఈ ఫ్రీక్వెన్సీలో కరెంటు రాగి పైపొరలో మైక్రాన్‌లో మూడింట రెండు వంతుల లోతులోనే పారుతుంది, అందుకే లోపలి గోడ నున్నగా ఉండాలి, వీళ్లేమో లోపలంతా ఎమరీ పేపర్ గీతలు పెట్టారు. ఇంటికొచ్చి రెండు సాయంత్రాలు బ్రాసో పాలిష్‌తో రుద్దాను.

వెళ్లేవాళ్లు డ్రాయింగ్ వాట్సాప్ చేయకండి, పక్కన నిలబడి ఏ కొలత ఎందుకు ముఖ్యమో చెప్పండి, వింటారు. నా తర్వాతిది 1 టెస్లాకి సరిపడే 28 గిగాహెర్ట్జ్ కేవిటీ, వ్యాసం 9.4 మి.మీ. వస్తుంది. అందులో ఇదే 0.1 తప్పు జరిగితే పోయేది 130 మెగాహెర్ట్జ్, కాబట్టి దానికి మాత్రం సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్) వాళ్లని వెతుకుతున్నాను.