ఆష్ లేని ఈవిల్ డెడ్: 2013దా, 2023దా, ఏది మేలు?

హన్మకొండలో హారర్ సినిమాల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కూర్చుంటే, మాట ఎక్కడ మొదలైనా చివరికి ఈవిల్ డెడ్ దగ్గరికే వస్తుంది. టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చుకుని తెల్లవార్లూ క్యాసెట్లు మార్చి మార్చి చూసిన తరానికి దెయ్యం సినిమా అంటే అదే. ఇంగ్లిష్ ముక్క అర్థం కాకపోయినా ఆ అడవి, ఆ చెక్క ఇల్లు, నేలమాళిగ తలుపు సందులోంచి చూసే ఆ తెల్ల కళ్లు అందరికీ అర్థమయ్యేవి.

1981, 1987, 1992లో వచ్చిన మొదటి మూడింటి మీద పెద్దగా పేచీ లేదు. గొడవంతా ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన వాటి మీదే. 2013లో ఫెడే అల్వారెజ్ తీసిన ఈవిల్ డెడ్ ఒకటి. 2015 నుంచి 2018 దాకా మూడు సీజన్లు నడిచిన ఆష్ వర్సెస్ ఈవిల్ డెడ్ సిరీస్ ఇంకొకటి. 2023లో లీ క్రోనిన్ తీసిన ఈవిల్ డెడ్ రైజ్ మూడోది. వీటిలో ఏది మేలంటే నేను రైజ్ వైపే ఉంటాను. కానీ 2013 సినిమాను తీసిపారేసేవాళ్లతో మాత్రం ఒప్పుకోను. ఎందుకో వివరంగా చెప్తాను. కథలు కొంత బయటపడతాయి, చూడనివాళ్లు గమనించాలి.

ముందు అసలైన అభ్యంతరం సంగతి చూద్దాం. మా గుంపులో ఒక తమ్ముడున్నాడు, కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ రోజుల నుంచి, మొదటి మూడు సినిమాల్లో హీరో ఆష్‌గా వేసిన బ్రూస్ క్యాంప్‌బెల్ అంటే ప్రాణం. "ఆష్ లేకుంటే అది ఈవిల్ డెడ్ ఎట్లయితదన్నా? పేరు పెట్టుకుంటే అయిపోతదా?" అంటాడు. అడగాల్సిన ప్రశ్నే. చేతి స్థానంలో రంపం బిగించుకుని, దెయ్యాల మీద జోకులేసే ఆ మనిషిని ప్రేమించకుండా ఉండటం కష్టం. అయితే ఆ ఆష్ మనకు దొరికింది 1987లో, రెండో భాగంలో. మొదటి సినిమాలో ఆష్ మామూలు కుర్రాడు, భయస్తుడు, ఏం చేయాలో పాలుపోని మనిషి. హీరోయిజం ఆనవాలు కూడా ఉండదు.

మొదటి సినిమాకు బలం వేరే చోట ఉంది. దర్శకుడు సామ్ రైమీకి అప్పటికి ఇరవై ఏళ్లు. టెన్నెసీ రాష్ట్రంలో మోరిస్‌టౌన్ దగ్గర ఒక పాత చెక్క ఇంట్లో, 1979 చలికాలంలో, స్నేహితులను వెంటేసుకుని షూటింగ్ మొదలుపెట్టాడు. ఖరీదైన పరికరాలకు డబ్బులెక్కడివి? కెమెరాను ఒక చెక్కకు బిగించి, ఇద్దరు చెరో కొస పట్టుకుని అడవిలో పరుగెత్తారు. తెర మీద దెయ్యం కనిపించదు, దాని చూపు మాత్రం చెట్లను దాటుకుంటూ ఇంటి మీదికి దూసుకొస్తుంది.

అంతకన్నా ముఖ్యమైన సీన్ ఇంకొకటుంది. దెయ్యం పట్టిన ప్రియురాలు లిండాను ఆష్ షెడ్డులోకి మోసుకెళ్లి, గొలుసులతో కట్టేసి, రంపం పైకెత్తుతాడు. ముక్కలు చేస్తేనే దెయ్యం వదులుతుందని అతనికి తెలుసు. ఆమె ముఖం చూసి చేయలేకపోతాడు, రంపం కిందికి దించేస్తాడు. నా దృష్టిలో ఈవిల్ డెడ్ అంటే ఆ క్షణమే. దెయ్యం మనవాళ్ల ముఖంతో వస్తుంది, మనవాళ్ల గొంతుతో బతిమాలుతుంది, చంపాల్సింది మనమే. తర్వాత వచ్చినవాటిని నేను తూచేది ఈ తక్కెడలోనే.

ఆ లెక్కన టీవీ సిరీస్ సంగతి త్వరగా తేలిపోతుంది. ముప్పై ఎపిసోడ్లు, ఒక్కొక్కటి సుమారు అరగంట. వయసు మీద పడ్డ ఆష్ ఒక స్టోర్‌లో పనిచేసుకుంటూ, మత్తులో ఉన్నప్పుడు, చదివితే దెయ్యాలను లేపే ఆ పాడు పుస్తకం చదివి దెయ్యాలను మళ్లీ మీదికి తెచ్చుకుంటాడు. క్యాంప్‌బెల్‌ను అంతసేపు చూడటమే పండగ. ఆష్‌కు తోడుగా ఉండే పాబ్లో, కెల్లీ పాత్రలు కూడా మనసుకు దగ్గరవుతాయి. రెండో సీజన్‌లో ఆష్ సొంతూరికి వెళ్లి తండ్రిని కలిసే భాగం నాకు చాలా ఇష్టం. కానీ దాన్ని చూస్తూ ఒక్క రాత్రి కూడా లైటు వేసుకుని పడుకోలేదు. అది నవ్వు కోసం, ఆష్ కోసం. సిరీస్ ఆగిపోయాక తెర మీద ఇక ఆష్‌గా కనిపించనని క్యాంప్‌బెల్ చెప్పేశాడు కాబట్టి ఆయన అభిమానులకు ఇదే చివరి భోజనం, కడుపు నిండా తినండి. భయం కావాలంటే మిగిలినవి రెండే.

2013 సినిమా దగ్గరికొస్తే, దాన్ని ఉత్త రీమేక్ అని తోసేయడం అన్యాయం. అల్వారెజ్‌ది ఉరుగ్వే. 2009లో చాలా తక్కువ ఖర్చుతో తీసిన ఒక షార్ట్ ఫిల్మ్ చూసి రైమీ బృందం అతన్ని పిలిచింది. అడవి అదే, చెక్క ఇల్లు అదే, పుస్తకం అదే. మార్చింది ఒక్కటే, మిత్రులు ఆ ఇంటికి వచ్చిన కారణం. మియా అనే అమ్మాయికి మత్తుమందు అలవాటు. ఒకసారి మోతాదు మించి చావు దాకా వెళ్లొచ్చింది. ఈసారి ఎంత ఏడ్చినా, ఎంత బతిమాలినా ఇంటికి పంపకూడదని అన్న, స్నేహితులు గట్టిగా అనుకునే వచ్చారు. అందుకే ఆమె "ఇక్కడేదో ఉంది, నన్ను తీసుకెళ్లిపోండి" అని అరిస్తే, మందు మానినందుకు అలా మాట్లాడుతోందని అనుకుంటారు. వాళ్లలో ఒక నర్సు కూడా ఉంది, ఆమెదీ అదే మాట. మియా వేడినీళ్ల షవర్ కింద నిలబడి ఒళ్లు కాల్చుకున్నప్పుడు కూడా వాళ్లకు తట్టదు. దెయ్యం సినిమాల్లో అందరం అడిగే ప్రశ్న ఒకటుంది కదా, "వీళ్లు అక్కడి నుంచి ఎందుకు పారిపోరు?" అని. దానికి ఇంత మంచి జవాబు నేను ఇంకే సినిమాలోనూ చూడలేదు.

ఇది చూసినప్పుడల్లా నాకు మన ఊళ్లు గుర్తొస్తాయి. సినిమాలో దెయ్యాన్ని రోగం అనుకుని మోసపోతారు. మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. ఎవరికో జ్వరం తగ్గకపోయినా, గొడ్డు చచ్చినా, కడుపు నిలవకపోయినా బాణామతి అంటారు. పక్కింటి ముసలిదాని మీదో, ఊరి చివర ఉండే మనిషి మీదో అనుమానం పెట్టుకుని కొట్టి చంపిన ఘటనలు ఉత్తర తెలంగాణ జిల్లాల పేపర్లలో ఎన్నోసార్లు చదివాం. నేను దెయ్యం సినిమాలను ఇష్టపడతాను, దెయ్యాలను నమ్మను, ఈ రెండింటికీ మధ్య గీత ఉండాలని గట్టిగా అనుకుంటాను. తెర మీద ఎంత నెత్తురైనా చూద్దాం. ఇంట్లో జ్వరమొస్తే మాత్రం దవాఖానకే పోవాలి.

2013 సినిమాలో శబ్దం గురించి కూడా చెప్పాలి. రోకే బాన్యోస్ సంగీతంలో ఒక సైరన్ వినపడుతుంది, మెల్లగా లేచి, చెవుల్లో దూరి, మళ్లీ కిందికి దిగుతుంది. గోదావరిఖనిలో పుట్టిపెరిగిన మా మిత్రుడికి ఆ సైరన్ మొదలవగానే చేతులు చల్లబడతాయి. బొగ్గుబావుల ఊళ్లో వేళ కాని వేళ సైరన్ మోగిందంటే ఇంట్లో ఆడవాళ్లంతా వాకిట్లోకి వచ్చి నిలబడతారట. ఆ సంగీత దర్శకుడికి సింగరేణి గురించి తెలిసే అవకాశం లేదు, అయినా ఆ భయం పట్టుకున్నాడు.

గ్రాఫిక్స్ మీద ఆధారపడకుండా మేకప్‌తో, కృత్రిమ అవయవాలతో లాగించారు కాబట్టి పదేళ్లు దాటినా సినిమా పాతబడలేదు. క్లైమాక్స్‌లో నెత్తురు వాన కురుస్తుంటే మియా ఒంటరిగా నిలబడి పోరాడుతుంది. మియాగా జేన్ లెవీ నటన చూడాలి అక్కడ. సగం సినిమా దెయ్యంగా భయపెట్టిన అమ్మాయి కోసం చివర్లో మనం చప్పట్లు కొడతాం. లోపం కూడా పెద్దదే. మియా తప్ప మిగతా నలుగురూ చావడానికే ఉన్నట్టుంటారు. చదవొద్దని పుస్తకంలోనే రాసి ఉన్నా, ముళ్లతీగ విప్పి మరీ చదివే ఎరిక్ మీద జాలి కలగదు, కోపం వస్తుంది. అన్నాచెల్లెళ్ల మధ్య తల్లి చావు తాలూకు నొప్పి ఉందని చెప్తారు గానీ, అది మాటల్లోనే ఉండిపోతుంది.

సరిగ్గా ఆ చోట రైజ్ ముందుకెళ్లింది. అడవి వదిలేసి లాస్ ఏంజిలస్‌లో కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక అపార్ట్‌మెంట్‌లోకి కథను తెచ్చాడు క్రోనిన్. ఎల్లీ ముగ్గురు పిల్లల తల్లి, భర్త వదిలేసి పోయాడు. చెల్లెలు బెత్ కడుపుతో ఉంది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భూకంపానికి పార్కింగ్ నేల పగిలి, కింద దాగిన పుస్తకం, పాత గ్రామఫోన్ రికార్డులు కొడుకు చేతికి దొరుకుతాయి. మెట్లు కూలిపోయాయి, లిఫ్ట్ పనిచేయదు. దెయ్యం పట్టింది మాత్రం తల్లికి.

ఒక్కసారి ఆలోచించండి. స్నేహితుడికి దెయ్యం పడితే పారిపోవచ్చు, ప్రియురాలికి పడితే ఏడుస్తూనైనా పారిపోవచ్చు. తల్లికి పడితే పసిపిల్ల ఎక్కడికి పోతుంది? భయమేస్తే పిల్లలు పరుగెత్తేది తల్లి దగ్గరికే కదా. ఎల్లీ పొయ్యి దగ్గర నిలబడి గుడ్లు పెంకులతో సహా పెనంలో వేసే సీన్‌లో ఇంకా ఏ ఘోరమూ జరగదు. రోజూ అన్నం పెట్టే చెయ్యి తేడాగా కదులుతోంది, అంతే. పిల్లలు చూస్తూ నిలబడతారు. నాకు మొత్తం సినిమాలో ఎక్కువ భయమేసింది అక్కడే.

ఆ తర్వాత తలుపు సీన్. ఎల్లీని బయట వరండాలోకి నెట్టి తలుపేస్తారు. ఇక ఆమె ఇరుగుపొరుగును చంపుతుంటే కెమెరా లోపలే ఉంటుంది. మనకు కనిపించేది తలుపుకున్న చిన్న అద్దపు కన్నంలోంచి కనిపించేదే. ఆమె పక్కకు జరిగితే ఏం జరుగుతోందో తెలియదు, ఒక్కసారిగా ఏదో వచ్చి గోడకు కొట్టుకుంటుంది. 1981లో చెక్కకు కట్టిన కెమెరా దెయ్యం కళ్లతో చూసింది. ఇక్కడ మనిషి కళ్లతో, అదీ ఒక్క కంటితో చూడాలి. పాతదాన్ని ఇంత బాగా అర్థం చేసుకుని తిరగేసిన దర్శకుడిని మెచ్చుకోకుండా ఉండలేను. కాసేపటికి ఆ తలుపు అవతలి నుంచే ఎల్లీ మెత్తని గొంతుతో చిన్న కూతుర్ని పిలుస్తుంది. మా వదిన ఆ సీన్ దగ్గర రిమోట్ తీసుకుని టీవీ ఆపేసింది. తన ఇద్దరు పిల్లలు పక్క గదిలో నిద్రపోతున్నారు. "ఇంక నాతోని కాదు, మీరు పొద్దుగాల చూస్కోండి" అంది. ఆమె అలా ఆపేయడాన్ని నేను సినిమాకు దక్కిన మార్కుగానే లెక్కేస్తాను. మా హన్మకొండలో సుబేదారి, నక్కలగుట్ట వైపు ఇప్పుడు ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. రాత్రి కరెంటు పోయి లిఫ్ట్ ఆగిన బిల్డింగ్‌లో ఈ సినిమా పట్టుకున్నంతగా అడవిలో చెక్క ఇల్లు మనల్ని పట్టుకోదు.

రైజ్‌లో నచ్చనివీ ఉన్నాయి. మొదట్లో వచ్చే చెరువు ఒడ్డు సీన్, నీళ్ల మీద పైకి లేచే ఆ టైటిల్, చూడటానికి అద్భుతంగా ఉంటాయి, కానీ అసలు కథకు వాటి అవసరం లేదు. పాత అభిమానుల కోసం ఎగిరి నోట్లో పడే కనుగుడ్డు, పాత డైలాగులు, చివర్లో రంపం, అన్నీ ఒక్కొక్కటిగా అందించాడు. రంపం రావాలి కాబట్టి వచ్చింది. మా తమ్ముడు ఈల వేసినా, నాకది బలవంతంగానే అనిపించింది. ఇంకో మాట, పిల్లలు చనిపోవడాన్ని ఇంత నేరుగా చూపించడం అవసరమా అని అడిగేవాళ్లకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కథ దానివల్లే నిలబడింది, అయినా ఆ సీన్లు రెండోసారి చూడలేకపోయాను.

నెత్తురు లెక్క కూడా కొందరు తీస్తారు. రైజ్‌కు 6,500 లీటర్ల నకిలీ నెత్తురు వాడామని ఆ బృందం చెప్పింది. 2013 సినిమా నెత్తురు వాన ముందు అది చిన్న లెక్కే. ఆ పోటీలో 2013దే గెలుపు. కలెక్షన్లలో మాత్రం రైజ్‌ది పైచేయి. ప్రపంచమంతా కలిపి దాదాపు 14.7 కోట్ల డాలర్లు, ఈ వరుసలో ఇంకేదీ అంత తేలేదు.

రైజ్ అమెరికాలో విడుదలైన 2023 ఏప్రిల్ 21నే మన దగ్గర విరూపాక్ష వచ్చింది. క్షుద్రపూజల కథ, పల్లెటూరు, తెలుగు మాట. జనం అటే పోయారు, అందులో తప్పేముంది? అందుకే ఇక్కడ రైజ్‌ను చాలామంది ఆలస్యంగా, ఇంట్లో చూశారు. ఫోన్‌లో చూసి "ఏముందన్నా ఇందులో" అన్నవాళ్ల మాట నేను పట్టించుకోను. ఈ సినిమాలో సగం భయం శబ్దంలోనే ఉంది. కనీసం మంచి హెడ్‌ఫోన్స్ అయినా పెట్టుకుని చూడాలి.

తర్వాతి భాగం ఫ్రెంచ్ దర్శకుడు సెబాస్టియన్ వానిచెక్ చేతికి వెళ్లింది. ఆష్‌ను వెనక్కి తెమ్మని నేను అడగను. రంపం ఎత్తిన చెయ్యి ఒక్కసారి ఆగాలి, ఎదురుగా ఉన్నది ఎవరో చూసి ఆగాలి. అదొక్కటి ఉంటే మొదటి రోజు మొదటి ఆటకు వెళ్తాను.

ఇంతవరకు ఏదీ చూడనివాళ్లయితే 1981 సినిమాతో మొదలుపెట్టి నేరుగా రైజ్‌కు రండి, 2013ది ఆ తర్వాత చూడండి, సిరీస్ తీరిక ఉన్నప్పుడు చూసుకోవచ్చు. ఇంట్లో పసిపిల్లల తల్లి ఉంటే మాత్రం రైజ్ పెట్టే ముందు కథ ఏంటో చెప్పి, ఆమె సరేనంటేనే పెట్టండి. పిల్లలు మెలకువగా ఉంటే వీటిలో ఏదీ పెట్టొద్దు.