పాత సీఎల్500తో ఆల్ప్స్ కనుమల మీద నాలుగు రోజులు

రాత్రి బస వెతికేటప్పుడు చాలామంది ముందు గది ఫోటోలు చూస్తారు. నేను ఉపగ్రహ చిత్రంలో ఆ ఇంటి ముందు జాగా చూస్తాను. నేల చదునుగా ఉందా, గేటు ఎంత వెడల్పుంది, పొద్దున్నే బండి కిందికి వంగి చూసుకునే వీలుందా అని. పాతబడిన పెద్ద కారుతో దూరాలు తిరిగేవాళ్లకి ఈ లెక్క ముందు తెలిస్తే డబ్బూ మిగులుతుంది, మనశ్శాంతీ మిగులుతుంది. సెప్టెంబరు మొదట్లో మేమిద్దరం స్టుట్‌గార్ట్ నుంచి ఇటలీలోని స్టెల్వియో కనుమ మీదుగా బోర్మియో, లివిన్యో, బెర్నీనా చుట్టి వచ్చాం. ఎక్కడ దిగాం, ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అన్నది ఆ కళ్లతోనే రాస్తున్నాను.

మా బండి 2001 నాటి మెర్సిడెస్ సీఎల్500. రెండు తలుపుల కూపే, 5 లీటర్ల వీ8 ఇంజను, 306 హార్స్‌పవర్. పక్క కిటికీల మధ్య స్తంభం ఉండదు. నాలుగు అద్దాలూ దించితే ముందు నుంచి వెనక్కి ఒకటే ఖాళీ, గాలి నిండుగా వస్తుంది. అందుకే నేను ఈ బండి మీద మనసు పడ్డాను. కొత్తలో లక్ష యూరోలకు దగ్గరగా పలికిన కారు మాకు 8,400కి వచ్చింది. అయితే తగ్గింది బండి వెల ఒక్కటే. విడిభాగాలకి మాత్రం ఇప్పటికీ లక్ష యూరోల కారు స్థాయిలోనే కట్టాలి. జర్మనీలో దీని రోడ్డు పన్ను 100 సీసీకి 6.75 యూరోల చొప్పున ఏడాదికి 337 దాకా అవుతుంది. 30 ఏళ్లు నిండి, పాతకార్ల హెచ్ నంబరు ప్లేటు దొరికితే అది 191కి దిగుతుంది. మా బండికి ఆ అర్హత 2031లో వస్తుంది. అప్పటిదాకా దీన్ని నిలబెట్టుకోవాలన్నది నా కోరిక.

ఈ కారులో డబ్బు మింగేది ఇంజను కాదు, ఏబీసీ అనే హైడ్రాలిక్ సస్పెన్షన్. 1999లో ఈ మోడల్‌తోనే మొదలైంది. ప్రతి స్ప్రింగు మీదా ఒక హైడ్రాలిక్ సిలిండరు ఉంటుంది. ఇంజనుకి బిగించిన పంపు 200 బార్ దరిదాపు ఒత్తిడితో ఆయిల్ పంపి, మలుపులో బండి పక్కకి ఒరగకుండా పట్టుకుంటుంది. మామూలు కార్లలో ఉండే యాంటీ రోల్ బార్లు దీనికి లేవు. లైన్లలో నైట్రోజన్ నింపిన గుండ్రటి డబ్బాలుంటాయి. పంపు కొట్టే అదురుని అవి మింగుతాయి. లోపలి పొర పాడై నైట్రోజన్ పోతే ఆ అదురు నేరుగా గొట్టాల మీద, వాల్వుల మీద పడుతుంది. అప్పుడు గొట్టం పగులుతుంది, ఆయిల్ కారుతుంది, ఎండిపోయిన పంపు అరిగిపోతుంది. ఒక డబ్బా మార్చడానికి వెనకాడిన మనిషి చివరికి పంపూ గొట్టాలూ కలిపి కొనాల్సి వస్తుంది. మేం కిందటేడు డబ్బాలు మార్పించాం. ఈసారి బయల్దేరే ముందు ఏబీసీ ఆయిలూ ఫిల్టరూ, బ్రేక్ ఆయిలూ మార్పించాం. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. 1,800 కిలోలు దాటిన బండిని 2,757 మీటర్ల ఎత్తున్న స్టెల్వియో నుంచి దించబోతూ అక్కడ పొదుపు చేయకూడదు. ఈ పనులకైన ఖర్చుని హోటల్ బడ్జెట్‌లోంచే తీశాం. యాత్రంతా చిన్న గెస్ట్‌హౌసుల్లోనే ఉండాలని అప్పుడే అనుకున్నాం.

మొదటి రోజు పొద్దున స్టుట్‌గార్ట్‌లో మెర్సిడెస్ మ్యూజియం చూశాం. 2006లో కట్టిన ఈ భవనంలో లిఫ్టుతో పైకి వెళ్లి, 1886 నాటి మొదటి కారు నుంచి మొదలుపెట్టి మెలికలు తిరిగిన దారిలో కిందికి దిగుతూ రావాలి. రెండు గంటలు చాలవు. ఇలాంటి బండి ఉన్నవాళ్లకి మాత్రం పక్కనే ఫెల్‌బాఖ్‌లో ఉన్న, మెర్సిడెస్ పాత కార్లు చూసే క్లాసిక్ సెంటర్ ఇంకా ఎక్కువ ఉపయోగం.

అక్కణ్నుంచి ఏ8, ఏ7 హైవేల మీద ఫ్యూసెన్ దాకా. ఈ కారు ఎందుకు పుట్టిందో ఆటోబాన్ మీదే తెలుస్తుంది. 130 వేగంలో ఇంజను 2,500 చుట్లు కూడా దాటదు. టైర్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. మా ఆవిడ మూడు గంటలు హాయిగా నిద్రపోయింది. ఫ్యూసెన్ దాటాక ఆస్ట్రియాలో ఫెర్న్‌పాస్ మీదుగా వెళ్లి, ఇమ్‌స్ట్ దగ్గర హైవే ఎక్కకుండా పాత రోడ్డు పట్టుకుంటే వినియెట్ (హైవే రుసుము స్టిక్కరు) కొనక్కర్లేదు. అలాగే చేశాం. కానీ ఆ పొదుపుకి శనివారం వెళ్లకూడదని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఎత్తు మీద గంటన్నర బంపరుకి బంపరు ఆనించినట్టు నిలబడ్డాం. నా కళ్లు టెంపరేచరు ముల్లు మీదే ఉన్నాయి. రేడియేటర్ ఫ్యాను దాని పని అది చేసింది. వారం మధ్యలో వెళ్లేవాళ్లకి ఇదే మంచి దారి. శనివారమైతే ఇంకో దారి చూసుకోండి.

ఆ రాత్రి నౌడర్స్‌లో ఒక కుటుంబం నడుపుకుంటున్న గెస్ట్‌హౌసులో దిగాం. గది చిన్నది, మెట్లు కీచుమంటాయి. కానీ బయట కంకర పరిచిన చదునైన జాగా, తలుపులు పూర్తిగా తెరుచుకునేంత ఎడం. ఈ కారు తలుపులు చాలా పొడుగు. జంట కీలుతో ముందుకి జరుగుతూ తెరుచుకుంటాయి కాబట్టి కొంత నయం, అయినా ఇరుకు పార్కింగులో ఇబ్బందే. మరుసటి పొద్దున మా ఆవిడ కిటికీలోంచి చూసి, "ఏవండీ, ముందు ఎడమ చక్రం మీద బండి కూర్చున్నట్టుంది, ఒకసారి చూడండి" అంది. మామూలుగా టైరుకీ పైనున్న రెక్కకీ మధ్య మూడు వేళ్లు పడతాయి. ఆ పొద్దున ఒక్క వేలు కూడా పట్టలేదు.

ఇక్కడ భయపడాల్సినదేదో, అక్కర్లేనిదేదో విడదీసుకోవాలి. రాత్రికి రాత్రి ఒక్క మూల దిగి, ఇంజను వేయగానే లేచి నిలబడితే, అది వాల్వు లోపలి సీళ్ల నుంచి ఒత్తిడి జారిపోవడం. ఆయిల్ బయటికి పోదు. దారిలో నడుస్తుండగా బండి దిగిపోయి ఎర్ర హెచ్చరిక వస్తే మాత్రం లీకు. అక్కడికక్కడే ఆపాలి. నేను కింద అట్టముక్క వేసి పది నిమిషాలు చూశాను. ఒక్క చుక్క పడలేదు. ఇంజను వేశాక బండి నెమ్మదిగా లేచింది. నేల వాలుగా ఉన్నా, కింద గడ్డి ఉన్నా ఈ తీర్పు అంత తేలిగ్గా చెప్పలేకపోయేవాణ్ని.

రెషెన్ చెరువులో నీళ్లలోంచి పైకి కనిపించే గంట గోపురం దగ్గర కాసేపు ఆగాం. 1950లో ఆనకట్ట కోసం గ్రౌన్ ఊరిని ముంచేశారు. మిగిలింది 14వ శతాబ్దపు ఆ గోపురమే. పక్కనున్న పార్కింగు రద్దీగా ఉంది కానీ చదునే.

ప్రాటో ఊరి నుంచి స్టెల్వియో ఎక్కడం మొదలైంది. ఆస్ట్రియా సామ్రాజ్యం కోసం కార్లో డొనెగాని అనే ఇంజనీరు 1820 నుంచి 1825 దాకా కట్టించిన దారి ఇది. సుమారు 25 కిలోమీటర్లలో 1,800 మీటర్ల ఎత్తు, 48 మలుపులు, ప్రతి మలుపుకీ ఒక నంబరు. ఐదు మీటర్ల బండికి కుడి మలుపుల్లో రెండు వరసలూ కావాలి. అందుకే పొద్దున ఎనిమిదికల్లా ఎక్కాం. అప్పటికే సైకిళ్లవాళ్లు ఉన్నారు, మోటారు సైకిళ్లు మాత్రం ఇంకా రాలేదు. ఏబీసీ విలువ నాకు అక్కడ తెలిసింది. ఇంత బరువున్న బండి మలుపులో ఒరగకుండా, పళ్లెంలో నీళ్లు తొణక్కుండా తీసుకెళ్లినట్టు తిరిగింది. టర్బో లేని ఇంజను కాబట్టి పైకి వెళ్లేకొద్దీ పలచబడిన గాలికి దాదాపు పావు వంతు శక్తి పోతుంది. మిగిలిన ముప్పావు వంతూ చాలు.

పైన ఫోటోల కోసం ఇంజను ఆపి అరగంట తిరిగాం. వచ్చి తాళం తిప్పితే స్టార్టరు తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. ఆర్‌పీఎం ముల్లు సున్నా నుంచి కదల్లేదు. ఆ గుర్తు చూడగానే ఊపిరి పీల్చుకున్నాను. ఇంజను తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సరు వేడికి చనిపోతే ఈ ఇంజను ఇలాగే చేస్తుంది. ఎక్కేటప్పుడు పుట్టిన వేడంతా బండి ఆగాక గాలి ఆడక ఇంజను వెనక పేరుకుంటుంది. చల్లారితే మళ్లీ పనిచేస్తుంది. బానెట్ ఎత్తి నలభై ఐదు నిమిషాలు ఆగాం. మా ఆవిడ శాలువా కప్పుకుని రాతిగోడ మీద కూర్చుంది. ఒక్క మాట కూడా అనలేదు. దారిలో ఆగిన బండికి సాయం పంపే జర్మన్ మోటారు క్లబ్బు ఏడీఏసీలో నాకు ప్లస్ సభ్యత్వం ఉంది. యూరప్ అంతటా పనిచేస్తుంది కాబట్టి ధైర్యం ఉంది. ఇలాంటి బండికి అది లేకుండా సరిహద్దు దాటకండి. ఫోన్ చేయాల్సిన పని పడలేదు, బండి అందుకుంది. దిగేటప్పుడు లీవరుని ఎడమకి తట్టి రెండో గేరులో ఉంచి, బ్రేకుల్ని మలుపుల దగ్గరే వాడుతూ బోర్మియో చేరాం.

బోర్మియోలో నేను ఒక పొరపాటు చేశాను. పాత ఊరి మధ్యలో పేరున్న హోటల్‌ని, గ్యారేజీ ఉందన్న ఒక్క మాట చూసి బుక్ చేశాను. ఆ గ్యారేజీ దారి నిట్టనిలువు. అడుగున మలుపు తిరిగేచోట గోడల మీద నిండా రంగు గీతలు. ఎత్తు పెంచే బటన్ నొక్కినా ముందు బంపరు తగిలేలా ఉంది. రాత్రికి ముందు ఎడమ మూల దిగిపోతే పొద్దున ఆ వాలు మీద నుంచి బండిని తీయడం నా వల్ల కాదు. వేరే పార్కింగ్ అడిగితే లేదన్నారు, డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. ఆ డబ్బు వదులుకుని ఊరి బయట ఒక పశువుల కొట్టం పక్కనున్న గెస్ట్‌హౌసుకి వెళ్లాం. సిమెంటు చేసిన వాకిలి. గెస్ట్‌హౌసు నడిపే ఆవిడ అడక్కుండానే, పనిచేసుకోవడానికి ఒక లైటు తెచ్చిపెట్టింది. ఈ యాత్రలో నేను మళ్లీ వెళ్లి దిగే చోటు అదొక్కటే.

సెన్సరు విడిగా ఒకటి ఎప్పుడూ డిక్కీలో ఉంటుంది. కానీ అది ఇంజను వెనక, గేర్‌బాక్సు కలిసే చోట ఒకే ఒక్క బోల్టుతో ఉంటుంది. నా చెయ్యి దూరలేదు. ఆ ప్రాంతంలోని పెద్ద అధీకృత వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే, తొమ్మిది రోజుల తర్వాత రమ్మని, బండిని నడపకుండా ట్రక్కు మీద తెమ్మని చెప్పారు. గెస్ట్‌హౌసు ఆవిడ చూపించిన మెకానిక్ ఎక్కువగా ట్రాక్టర్లు బాగుచేసే మనిషి. ఆయనకి నా భాష రాదు, నాకు ఆయన భాష రాదు. సెన్సరు చూపించగానే తల ఊపి, పొడుగాటి కడ్డీకి ఈ8 సాకెట్ తగిలించి, చేత్తో తడుముతూ ఇరవై ఐదు నిమిషాల్లో మార్చేశాడు. 40 యూరోలు తీసుకున్నాడు. నేను 60 ఇచ్చాను. పాత సెన్సరుని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టిన తీరు నాకు బాగా గుర్తుండిపోయింది.

మూడో రోజు ఫోస్కాన్యో కనుమ (2,291 మీటర్లు) మీదుగా లివిన్యో. సుంకాలు లేని ఊరు కాబట్టి పెట్రోలు చుట్టుపక్కల ఎక్కడా లేనంత చవక. మా ట్యాంకు 88 లీటర్లు. ఈ బండి కొండల్లో 100 కిలోమీటర్లకి 15 లీటర్లు తాగింది, యాత్ర మొత్తం మీద 12.4 పడింది. బోర్మియోలో పోయించకుండా సగం కన్నా తక్కువతో వెళ్లి అక్కడ నింపితే, హోటల్‌లో పోయిన దాంట్లో కొంత తిరిగొచ్చింది. ఊరంతా దుకాణాలే, అక్కడ ఉండాలనిపించలేదు. వేసవిలో మాత్రమే తెరిచి ఉండే ఫోర్కోలా మీదుగా బెర్నీనా కనుమకి (2,328 మీటర్లు) చేరాం. రోడ్డు పక్కనే ఎర్ర రైలు, అవతల మంచుకొండ. అక్కడ అద్దాలన్నీ దించి వెళ్లాం. ఈ కారు కొన్నందుకు నేను అడిగింది ఆ ఇరవై నిమిషాలే.

సెయింట్ మోరిట్జ్‌లో ఆగలేదు. మా బడ్జెట్‌కి తగిన చోటు యూలియర్ కనుమ దాటాక బివియోలో దొరికింది. గది ఖరీదుకి మామూలే అనిపించింది, పార్కింగు రోడ్డు వారగా కాస్త వాలు. రాత్రి ముందు చక్రాలు ఎత్తు వైపుకి ఉండేలా పెట్టాను.

చివరి రోజు కూర్ నుంచి ఏ13 ఎక్కడానికి స్విస్ వినియెట్ 40 ఫ్రాంకులు. ఒక్క రోజుకైనా ఏడాదిదే కొనాలి. ఈసారి పొదుపు చూసుకోలేదు. ఫెర్న్‌పాస్‌లో నిలబడ్డ గంటన్నర గుర్తుంది. నంబరు ప్లేటు మీద ఆన్‌లైన్‌లో కొనే వీలుంది కాబట్టి అద్దానికి అంటించే పని కూడా లేదు.

సాయంత్రానికి ఇంటికి చేరాం. వాల్వు సీళ్ల సెట్టు ఆ రాత్రే ఆర్డరు పెట్టాను. పొద్దున నేను లేచేసరికి మా ఆవిడ చెప్పులేసుకుని కిందికి వెళ్లి వచ్చేసింది.

"రెండు వేళ్లు పడుతున్నాయండీ" అంది.