తిరుపతి మిద్దె మీద బైఫేషియల్ సోలార్ ప్యానెల్: రెండు ఎండాకాలాలు చూశాక

పాత మోనో పెర్క్ రకం సోలార్ ప్యానెల్ పక్కనే, రెండు వైపులా వెలుతురు పట్టే కొత్త టాప్‌కాన్ రకం బైఫేషియల్‌ను బిగించి రెండు ఎండాకాలాలు చూశాక చెప్పగలిగింది ఇదీ: కొనొచ్చు. కానీ వెనక నుంచి ముప్పై శాతం అదనంగా వస్తుందన్న అమ్మకం మాట నమ్మి మాత్రం కాదు.

ముందు వేడి లెక్క. ప్యానెల్ మీద రాసే 540 వాట్లు లోపలి సోలార్ సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. మే మధ్యాహ్నం ఇక్కడి మిద్దెల మీద సెల్ 65కి చేరడం మామూలే. పెర్క్‌కు డిగ్రీకి 0.35 శాతం తగ్గితే టాప్‌కాన్‌కు 0.29. నలభై డిగ్రీలు పెరిగేసరికి ఒకటి 464 వాట్లకు, ఇంకొకటి 477కు దిగుతాయి. తేడా 13 వాట్లే. వారం రోజుల దుమ్ము పడితే అదీ కనబడదు.

అందుకే యాప్‌లో యూనిట్లు చూసి తీర్పు చెప్పకూడదు. రెండింటినీ దక్షిణానికి, 13 డిగ్రీల వాలులో, నీళ్ల ట్యాంకు నీడ పడని చోట పెట్టాలి. ఒక్కోదానికి విడిగా ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి గరిష్ఠ శక్తి లాగే ఇన్వర్టర్ భాగం) ఉండాలి. అదే వాలులో ఎండను కొలిచే ఒక రిఫరెన్స్ సెల్, ప్యానెళ్ల వీపున అల్యూమినియం టేపుతో అంటించిన, వేడిని కొలిచే పీటీ100 సెన్సర్లు. నిమిషానికో రీడింగ్. వచ్చిన వాట్లను ఆ నిమిషం ఎండతో (చదరపు మీటరుకు వాట్లలో) భాగించి 1000తో గుణించాకే పోల్చాలి. మబ్బులు పరుగెత్తే నిమిషాలు తీసేయాలి. గ్రిడ్ వోల్టేజీ 253 దాటి ఇన్వర్టర్ ఆగిపోయిన నిమిషాలూ అంతే. అవి కలిస్తే నింద ప్యానెల్ మీద పడుతుంది. ప్యానెల్ నిజంగా ఎన్ని వాట్లు ఇస్తుందో కొలిచిన ఫ్యాక్టరీ ఫ్లాష్ టెస్ట్ కాగితం అడిగి తీసుకోండి. 540 అని రాసినది 544 ఇస్తూ ఉండొచ్చు, అది తెలియకపోతే పోలికకు అర్థం లేదు.

ఇక వెనక వైపు. టాప్‌కాన్ వీపు ముందు వైపు సామర్థ్యంలో 80 శాతం దాకా పనిచేస్తుంది, నిజమే, కానీ అక్కడికి వెలుతురు చేరాలి కదా. జానెడు ఎత్తులో, బూడిద రంగు సిమెంటు మీద పెడితే దక్కేది నామమాత్రం. మీటరు ఎత్తు లేపి, కింద తెల్ల కూల్ పెయింట్ వేస్తేనే ఫలితం. ఆ ఎత్తుకు గాలి పట్టు పెరుగుతుంది, నవంబరు తుపాన్లను తలుచుకుని దిమ్మెలు బరువుగా పోయాలి. పెయింటు మాసిన కొద్దీ లాభమూ మాసిపోతుంది. ఇంకో చిక్కు: పాత ఇన్వర్టర్ ఎంపీపీటీ పరిమితి 12.5 ఆంపియర్లయితే, ముందు వైపు ఇచ్చే 13 ఆంపియర్లే అందులో పట్టవు. నిండు ఎండ వేళ వెనక నుంచి వచ్చేది మొత్తం వృథా.

కడగడం తెల్లవారుజామునే. ఎండకు కాగిన గాజు మీద బోరు నీళ్లు పోస్తే ఆరాక తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది, అది గుడ్డకు లొంగదు. ఆర్వో వదిలేసే నీళ్లు పొదుపని వాడతారు కొందరు. వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. కింది అంచున ఫ్రేము దగ్గర పేరుకునే మట్టి గీతను తోమడం మరవద్దు. పైకి అద్దంలా మెరుస్తున్న ప్యానెల్ తక్కువ ఇస్తుంటే మొదట చూడాల్సింది అక్కడే.

అలిపిరి వైపు ఇళ్లకు కోతుల బెడద వేరే. ప్లాస్టిక్ టైలు ఎండకు పెళుసెక్కి తెగిపోతాయి, వేలాడే వైరు పట్టుకుని కోతులు ఊగుతాయి, వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్ వదులై వేడెక్కుతుంది. స్టీలు క్లిప్పులు, జీఐ పైపు వాడండి.