కోళ్లూ కుందేళ్లూ కలిసి బతుకుతాయని చెప్పి అమ్మే గూళ్ల విషయంలో జాగ్రత్త

కోళ్లనూ కుందేళ్లనూ ఒకే చోట పెంచుకోవచ్చని చెప్పి అమ్మే రెండంతస్తుల గూళ్లను, వాటితో పాటు “చిన్నప్పటి నుంచి కలిసి పెరిగినవి” అన్న హామీతో ఇచ్చే జంతువులను కొనాలనుకుంటున్న వారందరికీ ఈ హెచ్చరిక. మేము అలాంటి గూటిని, దానితో రెండు కుందేళ్లను, కొన్ని పెట్టలను, ఒక పుంజును కొన్నాము. ఒక కుందేలు కంటి దగ్గర కోడి పొడిచిన గాయం లోపల చీము పట్టి చనిపోయింది. రెండో కుందేలు, దానితో పాటు రెండు పెట్టలు, గూటి అడుగు నుంచి లోపలికి దూరిన జంతువుకు ఒకే రాత్రి బలయ్యాయి. అమ్మినవారిని అడిగితే, జంతువుల స్వభావానికి తాము పూచీ కాదన్నారు. స్వభావానికి పూచీ పడలేనివారు కలిసి బతుకుతాయని హామీ ఇచ్చి అమ్మడం అన్యాయం. జరిగిన నష్టానికి కారణాలు ఆ హామీలోనూ ఆ గూటి నిర్మాణంలోనూ ఉన్నాయని పశువైద్యునితో మాట్లాడిన తరువాత స్పష్టమైంది కాబట్టి, వాటిని వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ హామీ సంగతి. అమ్మకానికి వచ్చే కుందేలు పిల్లలు, కోడిపిల్లలు సాధారణంగా ఈడుకు రానివే అయి ఉంటాయి. ఆ వయసులో అవి ఒకదాని పక్కన ఒకటి ముడుచుకుని పడుకోవడం నిజమే, అమ్మేవారు చూపించే ఫొటోలూ అబద్ధం కావు. అయితే కుందేళ్లు జాతిని బట్టి సుమారు 4 నుంచి 6 నెలల మధ్య ఈడుకు వస్తాయి, పుంజులు కూడా దాదాపు అదే వయసులో కయ్యానికి కాలు దువ్వుతాయి. విత్తులు తీయించని మగ కుందేలు పెట్టల చుట్టూ తిరుగుతూ, వాటి మీదికి ఎక్కుతూ, ఈకలు పీకుతూ వాటిని స్థిమితంగా ఉండనివ్వదు. పుంజు కాలి వెనుక పెరిగే ముల్లు కుందేలు పలుచని చర్మాన్ని సులువుగా చీల్చుతుంది. చిన్నతనంలో కలిసి ఉన్నాయన్న ఒక్క కారణంతో ఈ మార్పు ఆగదు.

పుంజు లేనంత మాత్రాన ప్రమాదం తప్పిందనుకోకూడదు. కోళ్లు తమలో పెద్ద ఎవరో చిన్న ఎవరో ముక్కుతో పొడుచుకునే తేల్చుకుంటాయి. ఓడిన కోడి తలవంచి పక్కకు తప్పుకుంటే గొడవ అక్కడితో ముగుస్తుంది. కుందేలుకు ఆ మర్యాదలు తెలియవు. కుందేళ్లలో తల నేలకు ఆనించి ఎదుటిదాని ముందు పెట్టడమంటే, తనను నాకి శుభ్రం చేయమని అడగడమే. అదే తలను కోడి ముందు పెడితే దానికి కనిపించేది మెరిసే కన్ను, కదిలే చెవి మాత్రమే. ఒక్కసారి రక్తం కనిపించిందంటే మిగతా పెట్టలు కూడా అక్కడే పొడవడం మొదలుపెడతాయి. బెదిరిన కుందేలు ఇరుకు గూటిలో వెనుక కాళ్లతో గట్టిగా తన్నుకుంటే తన వెన్నెముకను తానే విరగ్గొట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

పొడిచిన గాయం పైకి చిన్నదిగా కనిపించడమే మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టిన విషయం. కుందేలు చీము గట్టి పెరుగులా చిక్కగా ఉంటుంది, దానంతట అది బయటికి కారిపోదు. పై చర్మం మానినట్టే ఉండి లోపల గడ్డ పెరుగుతుంది, చాలా సందర్భాల్లో శస్త్రచికిత్స చేసి గడ్డను పూర్తిగా తీసివేయవలసి వస్తుంది. అందుకే ఇప్పటికే రెండింటినీ కలిపి పెంచుతున్నవారు ప్రతిరోజూ కుందేలు ఒంటిని, ముఖ్యంగా తల, చెవులు, నడుము భాగాలను బొచ్చు కింద వేళ్లతో తడిమి చూడాలని కోరుతున్నాను.

కుందేళ్లు ఈనే అవకాశం ఉంటే మాత్రం రెండింటినీ ఒక్క పూట కూడా కలిపి ఉంచకండి. కుందేలు పిల్లలు ఒంటి మీద బొచ్చు లేకుండా పుట్టి, సుమారు 10 రోజుల వరకు కళ్లు తెరవవు. కోళ్లు వాటిని పొడిచి తినగలవు.

ఇక బయటి నుంచి వచ్చే ప్రమాదం. ఆ గూటికి వేసిన వల, కోళ్ల కోసం సాధారణంగా వాడే ఆరు పలకల సన్నని తీగ వల. అది కోడిని లోపల ఆపడానికి పనికి వస్తుందే గాని, బయటి జంతువును ఆపలేదు. కుక్క దాన్ని పళ్లతో చింపగలదు, పెద్ద కన్నాల గుండా పాములు, ఎలుకలు దూరగలవు. కలిపి పెంచడం వల్ల ఈ లోపం మరింత పెరుగుతుందన్న సంగతిని మాకు అమ్మినవారు చెప్పలేదు. కుందేలు తవ్వుతుంది, అది దాని పుట్టుక లక్షణం. అడుగున వల లేని గూటిలో అది లోపలి నుంచి తవ్వుకున్న బొరియ కంచె కింద బయటికి తేలితే, అదే దారిన కుక్కో పిల్లో నక్కో లోపలికి వస్తుంది. దానికి తోడు, పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉండటం వల్ల కుందేలు చెక్క చట్రాన్ని కొరుకుతూ, వలను బిగించిన చోటునే బలహీనం చేస్తుంది. కోళ్ల వైపు నుంచి చూస్తే, కింద చిందిన గింజలు, గుడ్లు ఎలుకలను రప్పిస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. కోళ్లను మాత్రమే పెంచినా, కుందేళ్లను మాత్రమే పెంచినా ఈ బెడదలన్నీ ఒకేచోట చేరేవి కావు.

తలుపు వేసే సమయం మరొక చిక్కు. పొద్దు వాలగానే కోళ్లు వాటంతట అవే గూటిలోకి చేరి దండె (కూర్చుని నిద్రపోయే అడ్డకర్ర) ఎక్కుతాయి, చీకట్లో వాటికి చూపు సరిగా ఆనదు కాబట్టి కదలవు. కుందేళ్లు మాత్రం సరిగ్గా ఆ సంధ్యవేళలోనే, మళ్లీ తెల్లవారుజామున, అందరికంటే చురుకుగా తిరుగుతాయి. కోళ్ల వేళకు తలుపు మూస్తే కుందేలు బయట మిగిలిపోతుంది, కుందేలు కోసం తెరిచి ఉంచితే దండె మీది కోళ్లు వేట జంతువులకు చిక్కుతాయి. వేటాడే జంతువు లోపలికి రాలేకపోయినా, వల చుట్టూ తిరిగిన భయానికే కుందేలు చనిపోవచ్చు.

పై అంతస్తులో కోళ్లు, కింద కుందేళ్లు ఉండే ఏర్పాటు కూడా సరైనది కాదు. రాత్రంతా పడే రెట్టతో కుందేలు బొచ్చు తడిసి ముద్దవుతుంది, దాని మీద ఈగలు గుడ్లు పెడితే 24 గంటల లోపే పురుగులు పుట్టి చర్మాన్ని తొలుస్తాయి. రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా, ముక్కుతోనే గాలి పీల్చుకునే కుందేలు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కుందేళ్లలో ముక్కు కారే జబ్బుకూ, కోళ్లలో వచ్చే కలరాకూ పాశ్చురెల్లా మల్టోసిడా అనే ఒకే జాతి బ్యాక్టీరియా కారణం.

దాణా విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం సుమారు 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. కుందేలు శరీరం అవసరాన్ని మించి కాల్షియాన్ని పీల్చుకుని మూత్రం ద్వారా వదులుతుంది కాబట్టి, ఆ దాణా తిన్నకొద్దీ మూత్రాశయంలో మడ్డి, రాళ్లు చేరవచ్చు. పేగుల్లో చేరి జబ్బు చేసే కాక్సీడియా అనే పరాన్నజీవుల నివారణకు మోనెన్సిన్, సాలినోమైసిన్, నరాసిన్ వంటి మందులు కలిపిన కోళ్ల దాణా కుందేళ్లకు విషమవుతుంది.

ఇవన్నీ తెలిసిన తరువాత కూడా రెండింటినీ పెంచుకోవాలనుకుంటే గూళ్లు వేరుగా, మధ్య దాటలేని అడ్డుతో ఉండాలి. కుందేలుకు తోడు కావాలంటే మరో కుందేలే కావాలి, పెట్ట ఆ లోటు తీర్చలేదు. కన్నం 12 లేదా 13 మిల్లీమీటర్లకు మించని వెల్డెడ్ మెష్ (తీగలను ఒకదానికొకటి అతికించి చేసిన గట్టి వల) వాడి, దాన్ని నేలలోకి కనీసం 30 సెంటీమీటర్లు దించాలి, లేదా గూటి చుట్టూ నేల మీద బయటి వైపు 45 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పున పరిచి బిగించాలి. గూటి అడుగున కూడా మెష్ వేసి, కుందేలు పాదాలకు గుచ్చుకోకుండా పైన మట్టి, ఎండుగడ్డి పరచాలి. కొనే ముందు తీగ మందం, కన్నం కొలత, అడుగు ఏర్పాటు, జంతువుల వయసు, మగ కుందేలుకు విత్తులు తీయించారా లేదా అన్నది అడిగి, సమాధానాలను బిల్లు మీద రాయించుకోండి. రాసి ఇవ్వడానికి ఒప్పుకోని చోట కొనవద్దు. ఇప్పటికే కొన్నవారు పుంజును ఈ రోజే వేరు చేయండి. కుందేలు ఒక పూట మేత ముట్టకపోయినా, పెంటికలు వేయడం మానేసినా మరునాటి దాకా ఆగకుండా పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.